ప్రజాగాయకుడు సుద్దాల హనుమంతు

కష్టించువారి నోట పాట పుట్టుట లోకసహజము. అమెరికా దక్షిణ రాష్ట్రములలో ప్రత్తిచేలయందు చెమటోడ్చిన నల్లజాతివారు తమ దుఃఖమును బ్లూస్ అను పాటలుగా పాడుకొనిరి. తెలంగాణమునందు వెట్టిచాకిరిలో నలిగిన పల్లెజనుల బాధయు అట్లే పాటయైనది. ఆ బాధకు గొంతునిచ్చినవారిలో సుద్దాల హనుమంతు ముఖ్యుడు.

హనుమంతు 1908లో, నాటి నల్లగొండ జిల్లాలోని పాలడుగు గ్రామమున, పేద చేనేత కుటుంబమున జన్మించెను. పిదప సుద్దాల గ్రామమున స్థిరపడుటచే ఆ ఊరిపేరే ఆయనకు ఇంటిపేరయ్యెను. చిన్ననాటినుండియు యక్షగానములన్నను, వీధి భాగవతములన్నను ఆయనకు మిక్కిలి మక్కువ. బ్రతుకుతెరువునకై హైదరాబాదు చేరి, అచట చిన్న ఉద్యోగము చేసెను. ఆర్యసమాజముతో పరిచయము కలిగెను. కాని ఉద్యోగమునందు మనసు నిలువక, దానిని విడిచి స్వగ్రామమునకు మరలెను.

అది నిజాము పాలనాకాలము. పల్లెలలో దొరలదే పెత్తనము. సాలెవాడు బట్టను, గొల్లవాడు గొఱ్ఱెను, గీతకాడు కల్లును ఊరకే ఈయవలసి యుండెను. తండ్రి చేసిన అప్పునకు కొడుకు జీతగాడై పశువులను కాయుచుండెను. 1944లో భువనగిరిలో జరిగిన ఆంధ్ర మహాసభ హనుమంతునకు దారి చూపెను. ఆయన సుద్దాలలో సంఘమును నెలకొల్పెను.

ఆనాటి పల్లెలలో చదువు వచ్చినవారు అరుదు. పత్రికలు వారిని చేరలేవు. పాట మాత్రము చేరగలదు. ఈ సంగతి నెరిగి హనుమంతు గొల్లసుద్దులను చేపట్టెను. భుజమున గొంగడి, చేత కఱ్ఱ ధరించి, కాలి గజ్జెలు మ్రోగ కథ చెప్పు ఆ కళ జనులకు తరతరములుగా పరిచితమైనది. దానియందు ఆయన వెట్టి కథను, భూమి కథను నింపెను. బుఱ్ఱకథను, ఫకీరు వేషమును సైతము ఇట్లే వాడుకొనెను. నవ్వుచు వినవచ్చిన జనులు ఆలోచించుచు ఇండ్లకు మరలుచుండిరి.

పశువుల కాపరి బాలునిపై ఆయన కట్టిన పాట మిగుల ప్రసిద్ధము. పాలు మఱచి ఎంతోకాలము కాని పసివాడు. ఒంటిమీద చింపులంగీ, కాళ్లకు తాటిజెగ్గల జోళ్లు. ఆ పాటలో బిగ్గరగా తిట్టుట లేదు. బాలుని జీతమెంతయో, కష్టమెట్టిదో జాలితో అడుగుటయే కలదు. ఆ జాలియే వినువారి గుండెలో కోపమై రగిలెను.

పాలకులకు ఆ పాట సహింపరానిదయ్యెను. పాడినవారికి చెరసాలయు, చావును పొంచియుండెను. హనుమంతు అజ్ఞాతవాసమునకు వెఱవలేదు. 1946లో చెలరేగిన సాయుధపోరాటము 1951లో విరమింపబడువఱకు ఆయన పాటలు ఊరూర మాఱుమ్రోగెను.

1979లో నిర్మింపబడిన మాభూమి చలనచిత్రము ఆ కాపరి బాలుని పాటను కొత్తతరమునకు వినిపించెను. 1982 అక్టోబరు 10వ తేదీన హనుమంతు దివంగతుడయ్యెను. ఆయన కుమారుడు అశోక్ తేజ సినీగీత రచయితయై జాతీయ పురస్కారము పొందెను.

హనుమంతు కూడబెట్టిన సిరి లేదు. నోరులేని వారికి నోరైనవాని మాట వారి నోటనే నిలిచియుండును.