అమీను నుంచి కొత్వాలు దాకా
(రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి జీవితం)

 

పెద్దయినంక ఏమైతవు అని అడిగితే మన హాస్టల్ల చాలామంది పోలీసు అయితమని చెప్తరు. కాని తండాలకు జీపు వస్తే దూరం జరిగేది కూడా మనమే. దీనికి కారణం లేకపోలేదు. 1978లో ప్రభుత్వం మన జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ రోజులు చూసిన పెద్దలకు ఖాకీ బట్ట అంటే ఇప్పటికీ గుబులే. అందుకే మంచి పోలీసు ఎట్ల తయారవుతడు అనే ప్రశ్న మనకు ఉత్త ప్రశ్న కాదు. దీనికి జవాబు కొంత ఈ జీవితంలో దొరుకుతుంది.

వెంకటరామారెడ్డి 1869 ఆగస్టు 22న వనపర్తి సంస్థానంలోని రాయణిపేట గ్రామంలో జన్మించాడు. పసితనంలోనే తల్లి చనిపోయింది. అమ్మమ్మ దగ్గర పెరిగిండు. వనపర్తిలో చదువుకున్నడు. అప్పుడు మన కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లలతో సహా తెలంగాణ అంతా నిజాం రాజ్యమే. కచ్చేరీలల్ల పని అంతా మొదట ఫారసీలో, తర్వాత ఉర్దూలో నడిచేది. తెలుగు పిల్లవాడికి సర్కారు నౌకరి దొరకాలంటే ఆ భాషలు రావాలె. ఆయన పట్టుదలతో అవి నేర్చుకున్నడు. కన్నడం, మరాఠీ కూడా నేర్చుకున్నడు.

ఆ కాలంలో పోలీసులకు డిగ్రీ లేదు, పరీక్ష లేదు. పెద్ద అధికారి వెంట తిరిగి పని నేర్చుకునుడే చదువు. అట్ల నౌకరి మీద ఆశతో జీతం లేకుండ పని నేర్చుకునేటోన్ని ఉమ్మీదువారు అనేవారు. వెంకటరామారెడ్డి పోలీసు శాఖలో ఉన్న దగ్గరి బంధువు వెంట రాయచూరు వెళ్లాడు. ఆ బంధువు చనిపోయినంక, ఆయన స్నేహితుడైన నజర్ మహమ్మద్ ఖాన్ అనే అధికారి ఈ పిల్లవాడిని దగ్గరికి తీసిండు. 1886లో రాయచూరు జిల్లా ముద్గల్‌లో అమీను ఉద్యోగం ఇప్పించిండు. అమీను అంటే ఇప్పటి ఎస్.ఐ. అనుకోవచ్చు. అప్పుడు ఆయన వయసు 16, 17 ఏండ్లే!

ఒక ముస్లిం అధికారి ఒక హిందూ పిల్లవానికి చేయి అందించిండు. ఆ చేయూతను ఆయన వృథా చేయలేదు. ఎన్నో జిల్లాలల్ల పనిచేసి మెట్టు మెట్టు ఎక్కిండు. 1920లో హైదరాబాదు నగర కొత్వాలు అయిండు. కొత్వాలు అంటే నగర పోలీసు కమిషనర్. నిజాం కాలంలో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి హిందువు ఆయనే. 1934 వరకు, అంటే 14 సంవత్సరాలు ఆ పదవిలో ఉన్నడు. నిజాం ఆయనకు రాజా బహద్దూర్ బిరుదు ఇచ్చిండు.

ఇక్కడ ఒక మాట దాచకుండ చెప్పాలి. అది రాజుల రాజ్యం. ఓట్లు లేవు, ప్రజల ప్రభుత్వం లేదు. కొత్వాలు రాజు హుకుం నడిపించవలసిందే. ఆయన కూడా ఆ ఏర్పాటులోని మనిషే.

కాని ఆయన పేరు నిలబడింది హోదా వలన మాత్రమే కాదు. ఒక హాస్టల్ వలన! పల్లెల నుంచి పట్నం వచ్చిన పిల్లలకు ఉండటానికి చోటు, తినటానికి తిండి లేక చదువు ఆగిపోతున్నదని ఆయన గ్రహించాడు. 1918లో దాతల సహాయంతో హైదరాబాదులో రెడ్డి హాస్టల్ స్థాపించాడు. గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారు ఆ హాస్టల్‌కు వార్డెన్‌గా పనిచేసినారు. వెంకటరామారెడ్డి జీవిత చరిత్ర రాసింది కూడా వారే. విచిత్రం ఏమిటంటే, నిజాం మీద సాయుధ పోరాటం నడిపిన నాయకుడు రావి నారాయణరెడ్డి కూడా ఆ హాస్టల్ల ఉండి చదివినవాడే. కొత్వాలు పెట్టిన హాస్టల్ల తిన్న పిల్లవాడు ఆ రాజ్యాన్నే ప్రశ్నించిండు. చదువుకు ఉన్న బలం అది. నారాయణగూడలో తెలుగు బాలికల పాఠశాలకు కూడా వెంకటరామారెడ్డి అండగా నిలిచాడు.

1953 జనవరి 25న ఆయన కన్నుమూశాడు. ఇప్పుడు తెలంగాణ పోలీసు అకాడమీ ఆయన పేరు మీదనే ఉంది. ఎంపికైన ఎస్.ఐ.లు అక్కడ శిక్షణ పొందుతరు.

మిత్రులారా! ఇప్పుడు బంధువు వెంట పోతే కొలువు దొరకదు. అది మనకు మంచిదే. ఎందుకంటే మనలో ఎక్కువ మందికి పెద్ద అధికారి బంధువులు లేరు. తెలంగాణలో ఎస్.ఐ. కావాలంటే డిగ్రీ, కానిస్టేబుల్ కావాలంటే ఇంటర్ ఉండాలి. రాత పరీక్ష, పరుగు పందెం గెలవాలి. ఆ తర్వాతనే శిక్షణ. ఇంగ్లాండులో 2018 నుంచి ఇంకో పద్ధతి ఉంది. అక్కడ కానిస్టేబుల్‌గా జీతం తీసుకుంటూ, ఠాణాలో పని నేర్చుకుంటూ, 3 సంవత్సరాలలో డిగ్రీ కూడా పూర్తి చేయవచ్చు. ముద్గల్ అమీను పని చేస్తూ నేర్చుకున్నట్లే, కాని చేతిలో పట్టా కూడా ఉంటుంది. మన దగ్గర ఈ పద్ధతి లేదు. మనం ముందు చదవాలి, తర్వాత నేర్చుకోవాలి.

ఆయన దగ్గర మనం తీసుకోవలసింది జనం భాష. మన లంబాడీ, గోండు మాటలు ఠాణాలల్ల ఎందరికి వచ్చు? ఫిర్యాదు ఇయ్యటానికి పోయిన అవ్వ మాట అర్థం కాక తిరిగి వస్తే, అక్కడ చట్టం ఉన్నా లేనట్లే. ఆ మాట తెలిసినోళ్లం మనమే. కాబట్టి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మన మాట మాట్లాడుటకు సిగ్గుపడవద్దు. హాస్టల్ల స్టడీ అవర్‌ను వదలవద్దు. రేపు మన తండాకు వచ్చే జీపులో మనోడో, మన అక్కనో ఉంటే, పిల్లలు దూరం జరగరు, ఎదురు వస్తరు.