కరవును చూచిన విలేఖరి

బ్రిటనునందలి వేల్సు ప్రాంతమున బారీ యను రేవుపట్టణము కలదు. అచ్చటి పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడైన ఎడ్గారు జోన్సునకు 1905 ఆగస్టు 13వ తేదీన ఒక కుమారుడు కలిగెను. ఆ బాలుడే గారెత్ జోన్సు. ముప్పది యేండ్లు నిండుటకు ఒక దినము ముందే కన్నుమూసిన ఈ విలేఖరి, లక్షలాది ప్రజల ఆకలిచావును తన పేరు పెట్టి లోకమునకు మొదట చాటినవాడు.

తల్లి వివాహమునకు పూర్వము, 1889 మొదలు 1892 వరకు, ఉక్రెయినులోని హ్యూసొవ్కా పట్టణమున ఒక కుటుంబమునందు పిల్లలకు చదువు చెప్పెడిది. జాన్ హ్యూస్ అను వేల్సు పారిశ్రామికుడు ఇనుప కర్మాగారము పెట్టి వెలయించిన ఊరది. తరువాత స్టాలినో అనియు, పిమ్మట దొనెత్స్క్ అనియు పేరు మారినది. ఆమె చెప్పిన కథలు వినుచు పెరిగిన కుమారునికి ఆ దేశమును చూడవలెనను కోరిక పసినాటనే నాటుకొనెను. అందుకై భాషలు నేర్చెను. ఆబెరిస్ట్విత్ కళాశాలయందును, కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాలయందును ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడై ఫ్రెంచి, జర్మను, రష్యను భాషలను సాధించెను. దుబాసీ లేకుండ పరదేశపు రైతుతో మాటలాడగల ఆ శక్తియే తరువాత అతనికి అక్కరకు వచ్చినది.

1930లో మాజీ ప్రధాని లాయిడ్ జార్జికి విదేశ వ్యవహారముల సహాయకుడుగా కుదిరెను. ఆ యేడే రష్యాకు పోయి, తల్లి నివసించిన ఊరును కొద్దిసేపు చూచెను. 1931లో మరల పోయెను. 1933 ఫిబ్రవరి 23న, హిట్లరు ఛాన్సలరై నెల నిండక మునుపే, అతనితోను గోబెల్సుతోను ఒకే విమానమున బెర్లిను నుండి ఫ్రాంక్‌ఫర్టుకు ప్రయాణము చేసెను. ఈ విమానము కూలినచో ఐరోపా చరిత్రయే మారిపోవునని అప్పుడే వ్రాసినవాడతడు.

తరువాత మాస్కో చేరెను. సోవియటు ప్రభుత్వము రైతుల పొలములను సమష్టి క్షేత్రములలో కలిపివేసి, పండినను పండకున్నను నిర్ణీతమైన ధాన్యము నొప్పగింపవలసినదని నిర్బంధించుచుండెను. ఇండ్లలోని గింజలను సైతము అధికారులు ఊడ్చుకొనిపోయిరి. 1933 జనవరిలో, ఆకలిగొన్న రైతులు ఉక్రెయిను విడిచి పోరాదని ఆజ్ఞ వెలువడెను. మార్చి నెలలో జోన్సు వీపుసంచిలో రొట్టె, వెన్న, జున్ను, చాకొలెట్టు నింపుకొని హార్కోవునకు పోవు రైలెక్కెను. గమ్యము చేరకమునుపే దిగి, మంచులో పట్టాల వెంట నడచుచు గ్రామము వెంట గ్రామము తిరిగెను. రైతుల గుడిసెలలో నిదురించెను. రొట్టె లేదను మాట తప్ప వేరొకటి వినబడలేదు. పశువులు చచ్చినవనియు, తాము చావునకై కాచుకొనియున్నామనియు జనులు చెప్పుకొనిరి.

రైలులో నొక సంఘటన జరిగెను. కరవే లేదని ఒక కమ్యూనిస్టు ప్రయాణికుడు వాదించుచుండెను. జోన్సు తాను తినుచున్న రొట్టెముక్కను ఉమ్మితొట్టిలో పడవేసెను. ప్రక్కనున్న రైతు దానిని తీసి ఆత్రముగా తినెను. నారింజతొక్క వేసినను అట్లే తినెను. వాదించినవాడు మరి నోరెత్తలేదు. ఆ పరీక్ష కొంత కఠినముగనే తోచును. కాని అంకెలు చెప్పలేని సంగతిని అది చెప్పినది.

మార్చి 29న బెర్లినులో పత్రికలవారిని పిలిచి తాను చూచినదంతయు వెల్లడించెను. కొలది దినములకు ముందే మాల్కం మగ్గరిడ్జి వ్రాసిన లేఖలు మాంచెస్టరు గార్డియనులో వెలువడినవి గాని, వానిపై రచయిత పేరు లేదు. రెండు దినములకే న్యూయార్కు టైమ్సు మాస్కో విలేఖరి వాల్టర్ డ్యూరాంటీ, అంతకుముందటి యేడే పులిట్జరు బహుమానము పొందిన ప్రసిద్ధుడు, జోన్సు మాటను ఖండించెను. ఆహారపు కొరత కలదట, ఆకలిచావులు మాత్రము లేవట. పోషణలోపమువలని వ్యాధులచే పెక్కుమంది మరణించుచున్నారట! భాష బోధించువారు ఈ మాటను విద్యార్థులముందుంచి, ఆ రెండింటికిని భేదమేమో అడుగవచ్చును.

మాస్కోలోని తక్కిన విలేఖరులును అటులనే పలికిరి. నిజము తెలియక కాదు. బ్రిటిషు ఇంజనీర్లపై అప్పుడే పెద్ద విచారణ ఆరంభము కానుండెను. సెన్సారు అధికారులకు కోపము వచ్చినచో ఆ వార్తలు పంపు అవకాశము పోవును. తామందరును కలిసి జోన్సును పడగొట్టినట్లు వారిలో నొకడైన యూజీన్ లయన్సు 1937లో తన పుస్తకమున ఒప్పుకొనెను. జోన్సు మాత్రము వెనుదీయలేదు. మే 13న అదే న్యూయార్కు టైమ్సులో ప్రత్యుత్తరము ప్రకటించి, సెన్సారునకు లోబడిన విలేఖరులు కఠోరసత్యములకు మెత్తని పేర్లు పెట్టుటలో ఆరితేరిరని ఎత్తిపొడిచెను.

రష్యా ద్వారములు అతనికి మూతపడెను. ఇరువదియేడేండ్ల యువకుని మాటకంటె బహుమానగ్రహీత మాటనే పెక్కుమంది నమ్మిరి. కార్డిఫ్‌లోని వెస్టరన్ మెయిల్ పత్రికలో చేరి, కొంతకాలము వేల్సు చేతివృత్తులను గూర్చి వ్రాసెను. 1934 చివర ప్రపంచయాత్రకు బయలుదేరి, అమెరికా, జపాను చూచుకొని చైనా చేరెను. జపాను సేనలు ఉత్తర చైనాలోనికి చొచ్చుకొనివచ్చుచున్న కాలమది. 1935 జూలైలో లోపలి మంగోలియాలో బందిపోట్లు అతనిని, వెంటనున్న జర్మను విలేఖరిని పట్టుకొనిరి. జర్మనును విడిచిరి, జోన్సును ఆగస్టు 12న కాల్చి చంపిరి. ఆ హత్యవెనుక సోవియటు గూఢచారుల హస్తము కలదను అనుమానము నేటికిని ఉన్నది గాని, అది నిరూపింపబడలేదు.

ఆ కరవులో ఉక్రెయినునందే 35 లక్షలకు పైగా ప్రజలు మరణించిరని చరిత్రకారుల అంచనా. డ్యూరాంటీ బహుమానమును రద్దుచేయుటకు పులిట్జరు సంఘము 2003లో నిరాకరించెను. జోన్సు దినచర్య పుస్తకములు బారీలోని ఇంట పలు దశాబ్దములు మూలబడియుండి, 2009లో కేంబ్రిడ్జిలో ప్రదర్శింపబడినవి. అతడు చదివిన ఆబెరిస్ట్విత్ కళాశాలలో 2006లో వెల్షు, ఆంగ్ల, ఉక్రెయిను భాషలలో వ్రాసిన స్మారకఫలకము నొకదానిని ప్రతిష్ఠించిరి.