రంగు ఫోటో రాకముందే ప్రకృతిని పట్టిన కెమెరా: రాజా దీన్‌దయాళ్



పిల్లల చేతికి ఫోన్ దొరికితే ముందు తెరిచేది కెమెరానే. చెన్నేకొత్తపల్లి చుట్టూ ఉన్న గుట్టలు, వానకు నిండిన చెరువు, ఎర్రమట్టిలో పచ్చగా పరుచుకున్న వేరుశనగ చేను, అన్నీ తీస్తారు. తీరా చూస్తే ఆకు మరీ పచ్చగా, ఆకాశం మరీ నీలంగా, మట్టి నారింజ రంగులో ఉంటుంది. మన కంటికి కనిపించింది అది కాదు. ఉన్నది ఉన్నట్టు ఫోటోలోకి రావాలంటే ఇంకా ఖరీదైన ఫోన్ కావాలేమో అనుకుంటాం.

రంగు ఫోటో బజారులోకి రాకముందే ఈ దేశపు కొండలను, కోటలను, చెరువులను నమ్మదగినట్టు చూపించిన ఒక మనిషి జీవితం దీనికి మంచి జవాబు. ఆయన చదువుకున్నది ఇంజినీరింగ్. పిల్లల ఇష్టాలనూ చదువునూ ఎలా కలపాలి అని ఆలోచించే పెద్దలకు కూడా ఈ కథలో పనికొచ్చేది ఉంది.

ఇంజినీరింగ్ కాలేజీ కుర్రవాడు

దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో ఒక జైన కుటుంబంలో పుట్టారు. 1862లో రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజినీరింగ్ కాలేజీలో చేరారు. ఈ రోజు మన పిల్లలు సీటు కోసం రాత్రింబవళ్లు కష్టపడే ఐఐటీ రూర్కీ ఆ కాలేజీ నుంచే వచ్చింది. 1866లో చదువు ముగించి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో ఉద్యోగంలో చేరారు. కట్టబోయే పనులకు అంచనాలు వేయడం, నక్షాలు గీయడం ఆయన పని.

కెమెరా పట్టింది 1874లో. అప్పటికి ఆయనకు 30 ఏళ్లు. చేతిలో ఉద్యోగం, మనసులో కొత్త ఇష్టం. ఆయన ఉద్యోగం వెంటనే వదిలేయలేదు. అలాగని ఇష్టాన్ని పక్కన పెట్టనూ లేదు. ఇండోర్ మహారాజు రెండో తుకోజీరావు హోల్కర్, అక్కడి బ్రిటిష్ అధికారి సర్ హెన్రీ డేలీ ఆయన పని చూసి ప్రోత్సహించారు. 1875-76లో వేల్స్ యువరాజు మన దేశానికి వచ్చినప్పుడు ఆ పర్యటనను ఫోటోలు తీసే అవకాశం దొరికింది. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట మధ్య భారతం తిరిగి గ్వాలియర్, ఖజురహో, సాంచి వంటి చోట్ల కట్టడాలను ఫోటోలు తీశారు. అవి 1886లో పుస్తకంగా వచ్చాయి.

ఇంత పేరు వచ్చాక కూడా ఆయన ముందు సెలవు పెట్టి చూసుకున్నారు. ఫోటోల మీద బతకగలనన్న ధైర్యం కుదిరాకే సర్కారు కొలువు వదిలారు. అప్పటికి ఆయన నలభై దాటారు.

ఎరుపు, పచ్చ రెండూ నల్లగా కనిపించే పలక

ఆ రోజుల్లో ఫోటో అంటే గాజు పలక. తొలి ఏళ్లలో వాడిన పద్ధతిలో పలక మీద జిగురులాంటి కొలోడియన్ పూసి, వెండి లవణపు ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే ఫోటో తీయాలి, తడి ఆరకముందే కడగాలి. ఎండలోనైనా కొండ మీదైనా చీకటి గుడారం వెంట ఉండాల్సిందే. తర్వాత పొడి పలకలు వచ్చి ఆ బాధ తప్పింది.

అసలు చిక్కు వేరే ఉంది. ఆ పలకలకు మన కంటిలా చూడడం రాదు. నీలం రంగు వాటికి బాగా తగులుతుంది, పచ్చ చాలా తక్కువ, ఎరుపు దాదాపు తగలదు. కాబట్టి నీలి ఆకాశం కాగితం మీద తెల్లగా వెలిసిపోతుంది. ఎర్రమట్టీ, పచ్చటి ఆకూ రెండూ నల్లబడతాయి. మన వేరుశనగ చేనును ఆ పలక మీద తీస్తే మట్టి ఏదో మొక్క ఏదో తేల్చడం కష్టం. తర్వాత పచ్చను కొంత పట్టే పలకలు వచ్చినా ఎరుపు మాత్రం నల్లగానే మిగిలింది.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఫోటో వేసే కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన పూసి, దాని మీద గాజు పలక పెట్టి ఎండకు ఉంచేవారు. పలక ఎంత ఉంటే ఫోటో అంతే. ఫ్రేములో ఏది ఉండాలో, ఏది ఉండకూడదో అక్కడే, ఆ కొండ ముందు నిలబడే తేల్చుకోవాలి.

రంగు సాయం లేనప్పుడు ఫోటోగ్రాఫరుకు మిగిలేవి వెలుగు, నీడ, తాను నిలబడే చోటు. పక్క నుంచి పడే ఎండలో రాయి గరుకు తెలుస్తుంది, చెట్టుకు మందం వస్తుంది. నడినెత్తిన ఎండలో అన్నీ చదునుగా అణిగిపోతాయి. దీన్‌దయాళ్ ఫోటోల్లో గీతలు నిటారుగా ఉంటాయి, దగ్గరి వస్తువుకూ దూరపు వస్తువుకూ మధ్య దూరం స్పష్టంగా తెలుస్తుంది. చాలా కట్టడాల దగ్గర ఒక మనిషి నిలబడి ఉంటాడు. ఆ మనిషిని చూస్తేనే గోడ ఎంత ఎత్తో మనకు అర్థమవుతుంది. ఇది నక్షాలు గీసిన చేతికి అలవాటైన చూపు. ఆయన చదివిన చదువు వృథా పోలేదు, కెమెరాలోకి వచ్చింది.

నిజాం కొలువులో

1885లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయనను ఆస్థాన ఫోటోగ్రాఫరుగా నియమించారు. మరుసటి ఏడాది సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచారు. హైదరాబాద్ సంస్థానంలోని కోటలు, మహళ్లు, ఎల్లోరా గుహలు, వేటలు, విందులు, కరవు సహాయ పనులు ఆయన పలకల మీదికి ఎక్కాయి. 1892లో పరదా పాటించే స్త్రీల కోసం ఒక ఆంగ్లేయ మహిళ చూసుకునే ప్రత్యేక స్టూడియో పెట్టించారు. 1894లో నిజాం ఆయనకు ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ఇచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. 1897లో విక్టోరియా రాణి నుంచి కూడా ఆస్థాన ఫోటోగ్రాఫరు గుర్తింపు వచ్చింది. కొడుకులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ ఇద్దరూ ఇదే పనిలోకి వచ్చారు.

చివరి రోజులు సుఖంగా గడవలేదు. 1904లో ధరమ్‌చంద్ కన్నుమూశారు. మరుసటి ఏడాది, 1905 జులైలో, దీన్‌దయాళ్ కూడా బొంబాయిలో పోయారు. మామూలు జనం కొని వాడుకోగల రంగు ఫోటో పలక, ఆటోక్రోమ్, 1907లో బజారుకు వచ్చింది. ఆయన దాన్ని చూడలేదు.

ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజు పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం సేకరించింది. 2006లో తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది. నూరేళ్ల కిందటి హైదరాబాద్ ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఈ రోజుకీ ముందు వెతికేది ఆయన ఫోటోలనే.

ఈ నెల పిల్లలతో చేసి చూడండి

1. ఫోన్ కెమెరా సెట్టింగుల్లో రంగులు పెంచే ఫిల్టర్లు, ఏఐ మెరుగుదల ఉంటే ఆపేయండి. తీసిన ఫోటోను అక్కడికక్కడే చేనుతో పక్కపక్కన పెట్టి చూడమనండి. తేడా ఎక్కడుందో పిల్లలే చెబుతారు.

2. ఒకే చెట్టును పొద్దున 7 గంటలకు, మధ్యాహ్నం 12కు, సాయంత్రం 5కు తీయించండి. వెలుగు మారితే ఆకు రంగు ఎలా మారుతుందో కనిపిస్తుంది.

3. లేపాక్షి వెళ్తే నంది పక్కన అవ్వనో తాతనో నిలబెట్టి ఒక ఫోటో, ఎవరూ లేకుండా ఒకటి తీయించండి. దాదాపు 15 అడుగుల ఎత్తున్న నంది ఏ ఫోటోలో పెద్దగా అనిపిస్తుందో అడగండి.

4. జూమ్ చేయకుండా నడిచి దగ్గరికి వెళ్లమనండి. ఒక్క ఫోటోకు ముందు మూడు చోట్ల నిలబడి చూడాలని నియమం పెట్టండి. వీరాపురంలో చింతచెట్ల మీద గూళ్లు కట్టే ఎర్రకాళ్ల కొంగల విషయంలో మాత్రం ఈ నియమం వద్దు. అక్కడ దూరంగా, సద్దు చేయకుండా నిలబడాలి. పిల్లలున్న గూటిని బెదిరించి తీసిన ఫోటో ఎంత బాగున్నా మనకొద్దు.

5. వారానికి ఒక్క ఫోటోనే ఎంచుకోమనండి. ఎందుకు ఎంచుకున్నారో రెండు వాక్యాలు తెలుగులో, రెండు ఇంగ్లీషులో రాయించండి.

కెమెరా ఇష్టపడే పిల్లల చేత చదువు మాన్పించమని దీన్‌దయాళ్ కథ చెప్పదు. చదువు కోసం కెమెరాను లాక్కోమనీ చెప్పదు. కెమెరా పట్టాక కూడా ఆయన పదేళ్లకు పైగా రెండింటినీ పక్కపక్కన నడిపించారు. మన పిల్లలు అడిగేది అంతకంటే తక్కువే, ఆదివారం పొద్దున ఒక గంట. వచ్చే తల్లిదండ్రుల సమావేశానికి వచ్చేటప్పుడు ఆ గంటలో తీసిన ఫోటో ఒకటి తీసుకురండి. తరగతి గోడ మీద పెడదాం.