మూసిన తలుపు వెనుక ఫ్లోరెన్స్ నైటింగేల్

క్రిమియా యుద్ధం ముగిసింది. 1856 ఆగస్టులో ఫ్లోరెన్స్ నైటింగేల్ స్వదేశానికి వస్తోందని తెలిసి, ఇంగ్లండ్ ప్రజలు మేళతాళాలతో స్వాగతం పలకాలనుకున్నారు. ఆమె మాత్రం మిస్ స్మిత్ అనే మారుపేరుతో ప్రయాణించి, చడీచప్పుడు లేకుండా ఇల్లు చేరింది. వినయం అనుకున్నారంతా. వినయమూ ఉంది. దాని వెనుక లోతైన గాయమూ ఉంది.

మన సంఘాల్లోంచి ఎందరో ఆడపిల్లలు నర్సులయ్యారు. దీపం వెలిగించి ప్రమాణం చేసే రోజున నైటింగేల్‌ను తలచుకోని వారుండరు. కానీ ఆ దీపం దించేశాక ఆమె బతికిన 54 ఏళ్ల గురించి మనం చెప్పుకునేది తక్కువ.

1820లో సంపన్నుల ఇంట పుట్టిన ఆమెకు 16 ఏళ్ల వయసులోనే దేవుని పిలుపు అందింది. 1854 నవంబరులో 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరింది. మురుగు, దుర్గంధం, కలరా, విరేచనాలు. ఆ చలికాలంలో సైనికులు వేలల్లో చనిపోయారు. తుపాకీ గుండ్లకన్నా రోగాలకే ఎక్కువమంది బలయ్యారు. ఆమె వారి మంచాల పక్కన కూర్చుంది, వారి ఇళ్లకు ఉత్తరాలు రాసింది. 1855 మేలో తానే జ్వరంతో చావు అంచుదాకా వెళ్లొచ్చింది.

ఇల్లు చేరాక నిద్ర, ఆకలి కరువయ్యాయి. 1857లో పూర్తిగా కుప్పకూలింది. తల్లి, అక్క దగ్గరికొస్తే చాలు, గుండెదడ పుట్టేది. ప్రేమ లేక కాదు, ఆ సందడిని తట్టుకునే శక్తి లేక. చివరికి ఎవరొచ్చినా ముందుగా కబురు చేసి, ఒక్కొక్కరే రావాలన్న నియమం పెట్టింది. పెద్ద పెద్ద అధికారులకూ అదే నియమం. తర్వాతి ఏళ్లలో చాలాకాలం గదే ఆమె లోకమైంది.

గర్వమన్నారు కొందరు, నటన అన్నారు మరికొందరు. అది బ్రూసెల్లోసిస్ అనే జ్వరమై ఉండవచ్చని 1995లో ఒక పరిశోధకుడు వాదించాడు. యుద్ధం చేసిన మానసిక గాయమూ తోడై ఉంటుందనేది మరికొందరి మాట. చనిపోయిన మనిషి నాడి చూసి రోగం తేల్చడం ఎవరి తరం? అయితే అలాంటి గాయానికి వైద్యులు 1980లో పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అని పేరు పెట్టారు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన మనిషి గుంపులో ఇమడలేడు. వెనుక నుంచి ఎవరైనా భుజం తట్టినా ఉలిక్కిపడతాడు. గోడకు వీపు ఆనించి, తలుపు కనిపించేలా కూర్చుంటేనే స్థిమితపడతాడు. చుట్టూ కాస్త చోటుంటేనే అతనికి ఊపిరాడుతుంది.

1859లో రాసిన నర్సింగ్ పుస్తకంలో ఆమె చప్పుళ్ల గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే రాసింది. రోగి గది బయట గుసగుసలు, హఠాత్తుగా చేసే శబ్దం, పైపై ధైర్యవచనాలు ఎంత హాని చేస్తాయో వివరించింది. పరామర్శకని వెళ్లి, మంచం చుట్టూ మూగి, గంటసేపు బోధించి వచ్చే మనలాంటివారు చదవాల్సిన పుస్తకం!

ఆమె గుడికి వెళ్లలేకపోయింది. 1862లో ఆక్స్‌ఫర్డ్ పండితుడు, బోధకుడు అయిన బెంజమిన్ జోవెట్ ప్రభువు బల్లనే ఆమె గదికి తీసుకొచ్చాడు. బదరీ చెట్టు కింద చావు కోరుకున్న ఏలీయాను దూత మందలించలేదు కదా! రొట్టె పెట్టి, మళ్లీ నిద్రపోనిచ్చాడు.

ఆ గదిలోంచే ఆమె 1860లో నర్సుల శిక్షణాలయాన్ని ప్రారంభింపజేసింది. భారతదేశంలో ఎన్నడూ అడుగుపెట్టకుండానే ఇక్కడి సైనికుల, పల్లెల ఆరోగ్యం కోసం కలం పట్టింది. కాలువల కోసం మన కాటన్ దొర చేసిన పోరాటానికి మద్దతుగా నిలిచింది. 1874లో తండ్రి చనిపోయాక, ఒకప్పుడు దగ్గరికి రానివ్వలేకపోయిన తల్లిని 1880లో ఆమె కన్నుమూసేదాకా కనిపెట్టుకుని ఉంది.

నైటింగేల్ 1910 ఆగస్టు 13న, 90 ఏళ్ల వయసులో ప్రభువు పిలుపు అందుకుంది. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి చేస్తామన్నా కుటుంబం ఒప్పుకోలేదు. ఈస్ట్ వెలో అనే పల్లెలోని చర్చి ఆవరణలో సైనికులు ఆమె శవపేటికను మోశారు. అక్కడి రాతిమీద ఆమె పూర్తి పేరు లేదు. ఎఫ్.ఎన్. అన్న రెండక్షరాలు, పుట్టిన, గిట్టిన తేదీలు మాత్రమే ఉన్నాయి.