గుడిసె కప్పు గుడికెక్కింది: రాణి రాసమణి

'బంగళా' అనే మాట మీరు వినే ఉంటారు. ఈ మాట బెంగాల్ పేరు నుంచి వచ్చింది. అక్కడి పల్లెల్లో వెదురు బొంగులను వంచి, పైన గడ్డి కప్పి ఇళ్ళు వేసేవారు. ఇంటి చూరు మధ్యలో పైకి లేచి, రెండు కొసల్లో విల్లులా కిందికి వంగి ఉండేది. వాలు ఎక్కువ కాబట్టి కప్పు మీద వాననీరు నిలిచేది కాదు. తరువాత శిల్పులు ఇదే వంపును ఇటుకలతో గుళ్ళమీద కట్టారు. అలాంటి గుళ్ళు కట్టించిన ఒక స్త్రీ జీవితాన్ని ఇప్పుడు తెలుసుకుందాం.

రాసమణి 1793లో బెంగాల్‌లోని హాలిశహర్ దగ్గర ఒక పల్లెలో, పేద కుటుంబంలో పుట్టింది. ఆమె ఏ రాజ్యానికీ రాణి కాదు. 'రాణి' అన్నది తల్లి ముద్దుగా పిలిచిన పేరు. పదకొండో ఏట కలకత్తా జమీందారు రాజచంద్ర దాస్‌తో ఆమెకు పెళ్ళయింది. 1836లో భర్త చనిపోయాడు. నలుగురు కూతుళ్ళ తల్లి అయిన రాసమణి జమీందారీ వ్యవహారాలను తానే చూసుకుంది.

ఆ రోజుల్లో కంపెనీ ప్రభుత్వం గంగలో చేపలు పట్టేవారిపై పన్ను వేసింది. జాలర్లు రాసమణితో మొరపెట్టుకున్నారు. ఆమె నదిలో కొంత భాగాన్ని కౌలుకు తీసుకుని, అడ్డంగా ఇనుప గొలుసులు కట్టించింది. ఓడలు ఆగిపోయాయి. ప్రభుత్వం దిగివచ్చి పన్ను రద్దు చేసింది.

1847లో ఆమె గంగ ఒడ్డున దక్షిణేశ్వర్‌లో ఆలయాల నిర్మాణం మొదలుపెట్టింది. కాళీ ఆలయానికి తొమ్మిది శిఖరాలు, వంగిన చూరులు ఉన్నాయి. నది పక్కనే పన్నెండు శివాలయాలు వరుసగా ఉన్నాయి. ఒక్కొక్క దాని కప్పు గుడిసె కప్పులాగే నాలుగు వైపులా వంగి వాలుతుంది. దానిపై మరో చిన్న నాలుగు వాలుల కప్పు ఉంటుంది. ఈ పద్ధతిని 'ఆట్‌చాలా', అంటే ఎనిమిది వాలులది, అంటారు.

గుడి సిద్ధమైంది కాని పూజారి దొరకలేదు. ఆమె కైవర్త కులంలో పుట్టింది కాబట్టి అక్కడ పూజ చేయడానికి బ్రాహ్మణులు ఒప్పుకోలేదు. చివరకు రామ్‌కుమార్ చటోపాధ్యాయ అనే పండితుడు మార్గం చూపాడు. ఆలయాన్ని ఒక బ్రాహ్మణునికి దానం చేస్తే దోషం ఉండదన్నాడు. ఆమె అలాగే తన గురువు పేర దానం చేసింది. 1855 మే 31న విగ్రహ ప్రతిష్ఠ జరిగింది. రామ్‌కుమారే పూజారి అయ్యాడు. ఆయన తమ్ముడే తరువాత రామకృష్ణ పరమహంసగా పేరు పొందాడు. 1861లో రాసమణి కన్నుమూసింది.

పేదవాని గుడిసె వంపు గుడిమీదికి ఎక్కినప్పుడు ఎవరూ కాదనలేదు. ఆ గుడిని కట్టించిన మనిషికి మాత్రం కులం అడ్డువచ్చింది. ఇలా ఎందుకు జరిగిందో మీరు ఆలోచించి, మీ మాటల్లో రాయండి.