టంకశాలలో న్యూటను మహాశయుడు

ఐజాక్ న్యూటను పేరు విననివారు చదువుకొన్నవారిలో అరుదు. గ్రహగతులను గణితమున బంధించిన మేధావిగా, కాంతి స్వభావమును శోధించిన శాస్త్రజ్ఞుడుగా ఆయనను లోకమెల్ల ఎరుగును. కాని ఆ మహనీయుడు తన జీవితమున కడపటి ముప్పదియొక్క సంవత్సరములు ప్రభుత్వోద్యోగిగా గడపెననియు, ఇంగ్లండు దేశపు బంగారు, వెండి నాణెములకు కాపరియై యుండెననియు ఎరిగినవారు కొద్దిమంది. బ్రిటిషు నాణెములను సేకరించువారు మాత్రము ఈ సంగతిని మరువరు. మూడవ విలియము, యాన్ రాణి, మొదటి జార్జి కాలములనాటి గినీలపైనను, క్రౌనులపైనను ఆయన కొలువు తాలూకు గుర్తులు నేటికిని నిలిచియున్నవి.

న్యూటను 1642వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన, నాడు ఇంగ్లండున వాడుకలోనున్న పాత పంచాంగము ప్రకారము, లింకన్‌షైరులోని వూల్స్‌థార్ప్ గ్రామమున జన్మించెను. తండ్రి అంతకు మూడు మాసములకు ముందే గతించెను. మూడేండ్ల ప్రాయమున తల్లి మరల వివాహమాడి వెడలిపోగా, పసివాడు అమ్మమ్మ పెంపకమున పెరిగెను. 1661లో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చేరి, 1669లో అచటనే గణితాచార్య పీఠమును అధిష్ఠించెను. 1687లో వెలువడిన 'ప్రిన్సిపియా' గ్రంథము ఆయన కీర్తిని ఐరోపా విద్వల్లోకమున స్థిరపరచెను. గణితముతోబాటు రసవాదమునందును ఆయనకు ఆసక్తి మెండు. తన గది చెంతనే కొలిమి నిలుపుకొని, లోహములను కరగించుచు, తూచుచు ఏండ్ల తరబడి శ్రమించెను. ఆ అనుభవము ఉత్తరోత్తర ఇట్లు అక్కరకు వచ్చునని ఆయనయు ఊహించియుండడు.

ఆ కాలమున ఇంగ్లండు దేశపు వెండి నాణెముల స్థితి మిక్కిలి శోచనీయముగ నుండెను. 1662కు పూర్వము నాణెములను చేతి సుత్తితో ముద్రించెడివారు. వాటి అంచులు ఎగుడు దిగుడుగ నుండుటచే, కత్తెరతో కొంచెము కొంచెముగ వెండిని కత్తిరించి దొంగిలించుట సులభమయ్యెను. 1662 నుండి యంత్రములతో ముద్రించిన నాణెములు వచ్చెను. వాటి అంచులపై గీతలుగాని, అక్షరములుగాని ఉండుటచే వాటిని కత్తిరించుట పొసగదు. కత్తిరించినచో వెంటనే బయటపడును. అయినను పాత నాణెములను ప్రభుత్వము ఉపసంహరింపలేదు. పాతదియు క్రొత్తదియు ఒకే విలువకు చెల్లుచున్నప్పుడు నిండు బరువుగల నాణెమును ఎవడు ఖర్చుచేయును? క్రొత్త వెండి నాణెములు కొన్ని ఇనుప పెట్టెలలో దాగెను; కొన్ని కరగి కడ్డీలై సముద్రము దాటెను. అంగడిలో మిగిలినది తరుగు నాణెమే. 1695 నాటికి ప్రభుత్వ ఖజానాకు చేరిన వెండి నాణెములు ఉండవలసిన బరువులో ఇంచుమించు సగము మాత్రమే తూగెను. 20 షిల్లింగులకై ఉద్దేశింపబడిన బంగారు గినీ 30 షిల్లింగులకు ఎగబ్రాకెను. ఫ్రాన్సుతో యుద్ధము సాగుచున్న దినములవి. పరదేశమున నున్న సైనికులకు జీతములు పంపుటయే కష్టమయ్యెను.

పాత నాణెములను కరగించి క్రొత్తవి ముద్రింపవలెనని అందరును అంగీకరించిరి. ఏ బరువున ముద్రింపవలెననుటయే వివాదము. నాణెములోని వెండిని తగ్గింపవలెనని ఖజానా కార్యదర్శి లౌండిసు వాదించెను. పూర్వపు బరువును తగ్గించుట అప్పులిచ్చినవారిని వంచించుటయే యగునని తత్త్వవేత్త జాన్ లాక్ వాదించెను. సలహా అడుగగా న్యూటను లౌండిసు పక్షమునకే చేరువగ అభిప్రాయమిచ్చెను. పార్లమెంటు లాక్ మాటనే పాటించెను. 1696 జనవరిలో శాసనము వెలువడెను. ఖర్చునకై ఇండ్ల కిటికీలపై పన్ను విధింపబడెను.

ఆ సంవత్సరము మార్చిలో ఆర్థికమంత్రియు తన మిత్రుడునగు చార్లెసు మాంటేగు సిఫారసుతో న్యూటనుకు టంకశాల వార్డెను పదవి లభించెను. జీతము మంచిది, పని స్వల్పము అని మిత్రుని భావము. పూర్వపు వార్డెనులు ఆ పదవిని అట్లే అనుభవించిరి. ఏబదిమూడేండ్ల న్యూటను మాత్రము లండను టవరు కోటలోని టంకశాలకు పోయి, పాత లెక్కల పుస్తకములను, శాసనములను తిరుగవేసి, ప్రతి కొలిమిని, ప్రతి యంత్రమును స్వయముగ పరిశీలించెను. తాను సలహా ఇచ్చిన మార్గమును ప్రభుత్వము త్రోసిపుచ్చినను, నిర్ణయమైన మార్గమునే సఫలము చేయుటకు పూనుకొనెను. తెల్లవారుజామున నాలుగు గంటలకు మొదలైన పని అర్ధరాత్రి వరకును సాగెడిది. సుమారు 300 మంది పనివారును, 50 గుఱ్ఱములును శ్రమించుచుండిరి. ఒక్కొక్క ముద్రణ యంత్రము నిమిషమునకు ఏబదికి పైగా నాణెములను ముద్రించెడిది. అచ్చుల నడుమ బిళ్లనుంచి వ్రేళ్లను వెనుకకు తీయు పనివాని వేగమే యంత్రమునకు హద్దు. కొంతకాలమునకు వారమునకు లక్ష పౌనుల విలువగల నాణెములు సిద్ధము కాజొచ్చెను.

దూరప్రాంతములవారి సౌకర్యమునకై నార్విచ్, యార్క్, చెస్టర్, బ్రిస్టల్, ఎక్సిటర్ పట్టణములలో తాత్కాలికముగ శాఖలు నెలకొల్పబడెను. చెస్టర్ శాఖలో ఉపాధికారిగా పనిచేసినవాడు తోకచుక్కతో పేరుపొందిన ఎడ్మండ్ హాలీ. 1696, 1697 సంవత్సరములనాటి విలియము షిల్లింగులపై రాజు ప్రతిమ క్రింద ఆయా పట్టణముల పేర్లలోని మొదటి అక్షరము చిన్నదిగా కానవచ్చును. అక్షరము లేనిది టవరులో ముద్రింపబడినది. నేటి సేకర్త తన నాణెమును తిప్పి మొదట వెదకునది ఈ అక్షరమునే.

1699 నాటికి దాదాపు 70 లక్షల పౌనుల విలువగల వెండి నాణెముల ముద్రణ పూర్తియయ్యెను. కాని ఆ కార్యము ప్రజలకు బాధ కలిగింపకపోలేదు. 1696 వేసవిలో పాత నాణెము చెల్లక, క్రొత్తది చేతికందక, కూలివారును చిల్లర వర్తకులును నానా ఇక్కట్లు పడిరి. ఖజానాకు పన్నులు కట్టగలిగిన ధనికులు తమ తరుగు నాణెములను పూర్తి విలువకు వదలించుకొనిరి. గడువు దాటిన పిమ్మట నష్టము మిగిలినది చిన్నవారికే.

దొంగనాణెములు చేయువారిని పట్టి శిక్షింపజేయుటయు వార్డెను విధులలో నొకటి. నాడది రాజద్రోహము, శిక్ష మరణము. న్యూటనుకు మొదట ఈ పని రుచింపలేదు. తనను దీనినుండి తప్పింపుమని ఖజానా అధికారులకు విన్నవించుకొనెను. వారు అంగీకరింపకపోగా, ఆయన దానినికూడ శాస్త్రవిషయమువలెనే చేపట్టెను. వేగులను నియమించెను, చెరసాలలకు పోయి నూరుమందికి పైగా సాక్షులను విచారించి వారి వాఙ్మూలములను వ్రాయించెను.

ఆ నేరస్థులలో అగ్రగణ్యుడు విలియము చాలొనర్. మేకులు చేయువాని వద్ద పని నేర్చి, లండను చేరి, గినీలను, వెండి నాణెములను దొంగతనముగ తయారుచేసి ధనికుడయ్యెను. 1697లో వాడు పార్లమెంటునకే పోయి, టంకశాలవారు అసమర్థులనియు, తన పద్ధతిని అవలంబించినచో దొంగనాణెములుండవనియు చెప్పి, టవరులోనికి ప్రవేశము కోరెను. యంత్రముల రహస్యమును కాపాడుదునని ప్రమాణముచేసిన న్యూటను అందులకు సమ్మతింపలేదు. పిదప రెండేండ్లు ఓర్పుతో సాక్ష్యము కూర్చి, 1699 మార్చిలో వానిని దోషిగా నిరూపించెను. చాలొనర్ ప్రాణభిక్ష పెట్టుమని న్యూటనుకు దీనముగ లేఖలు వ్రాసెను. వాటికి ప్రత్యుత్తరము రాలేదు. ఆ మాసముననే టైబర్న్ వద్ద వానిని ఉరితీసిరి. న్యూటను ధర్మము తప్పలేదనుట నిజము. దయ చూపలేదనుటయు నిజము. ఆయన చరిత్రను వ్రాయువారు ఈ రెండింటిలో దేనిని విడిచినను చరిత్ర అసమగ్రమే యగును.

1699 అంతమున టంకశాల మాస్టరు నీలు మరణింపగా ఆ పదవి న్యూటనుకు లభించెను. ఏటికి 500 పౌనుల జీతమును, ముద్రించిన ప్రతి పౌను బరువు లోహముపై కొంత ప్రతిఫలమును ఉండుటచే ఆయన సంపన్నుడయ్యెను. 1701లో కేంబ్రిడ్జి ఆచార్య పదవిని వదలుకొనెను. 1703లో రాయల్ సొసైటీ అధ్యక్షుడయ్యెను. 1705లో యాన్ రాణి ఆయనకు సర్ బిరుదమునొసగెను.

మాస్టరుగా ఆయన దృష్టి నాణెముల బరువు సమానముగ నుండుటపై నిలిచెను. గినీ బరువు సుమారు 8.4 గ్రాములు, బంగారము 22 క్యారట్లది. చట్టము కొద్దిపాటి హెచ్చుతగ్గులను అనుమతించెడిది. మొత్తముపై సరిపోయినను, ఒక్కొక్క గినీ కొంచెము బరువుగనో తేలికగనో వచ్చెడిది. కంసాలులు బరువైనవానిని ఏరి, కరగించి, ఆ బంగారమునే మరల టంకశాలకు తెచ్చి లాభము పొందుచుండిరి. ముద్రణకు రుసుము లేకపోవుటచే ఈ వ్యాపారము నిరాటంకముగ సాగెను. న్యూటను బిళ్లల బరువులోని తేడాలను తగ్గించి ఆ లాభమునకు అడ్డుకట్ట వేసెను.

ముద్రించిన నాణెములలో కొన్నిటిని ఒక పెట్టెలో భద్రపరచి, స్వర్ణకార సంఘమువారితో కూడిన పంచాయతీ వాటిని కరగించి పరీక్షించుట ఇంగ్లండున అనాదిగ వచ్చుచున్న ఆచారము. దీనిని పిక్స్ పరీక్ష యందురు. 1710 పరీక్షలో న్యూటను ముద్రించిన బంగారము ప్రమాణమునకు కొంచెము తక్కువయని తీర్పు వచ్చెను. మాస్టరునకు ఇంతకన్న అవమానము లేదు. న్యూటను తానే పరీక్షలు జరిపి, తన బంగారము తక్కువ కాదనియు, పోల్చుటకై 1707లో చేసిన ప్రమాణ ఫలకమే ఉండవలసినదానికన్న మేలిమిదనియు చూపెను. ఆ ఫలకమును పిదప విడిచిపెట్టిరి.

1702లో స్పెయిను తీరమున వీగో రేవువద్ద పట్టుబడిన ధనము టవరునకు చేరెను. వెండి నాలుగున్నర వేల పౌనుల బరువు. బంగారము ఎనిమిది పౌనులైన లేదు. ఆ లోహముతో ముద్రించిన నాణెములపై రాణి ప్రతిమ క్రింద వీగో పేరు చెక్కబడెను. 1703 నాటి వీగో ఐదు గినీల నాణెము బ్రిటిషు నాణెములలో అత్యంత దుర్లభమైనవానిలో నొకటి. 1707లో స్కాట్లండు ఇంగ్లండుతో ఏకము కాగా, ఎడింబరో టంకశాలలో జరిగిన పునర్ముద్రణయు న్యూటను సూచనలమేరకే నడచెను.

ఇంత చేసినను వెండి దేశమున నిలువలేదు. 1717 సెప్టెంబరులో ఖజానాకు సమర్పించిన నివేదికలో న్యూటను కారణము తేల్చెను. ఇంగ్లండున బంగారము వెండికి పదిహేనున్నర రెట్లు పలుకుచుండగా, భారతదేశమున పన్నెండు రెట్లు, చైనా, జపానులలో తొమ్మిది పది రెట్లు మాత్రమే పలుకుచుండెను. కనుక వెండి తూర్పునకు ప్రవహించుట సహజము. ఇంగ్లీషు కంపెనీ మన దేశమున వస్త్రములు కొనుటకై ఓడలకెత్తిన ధనములో వెండియే అధికము. మచిలీపట్టణము మొదలగు రేవులలో తెలుగు నేతగాండ్రు నేసిన వస్త్రములును ఆ కొనుగోళ్లలోనివే. ఆ నివేదికను అనుసరించి 1717 డిసెంబరులో గినీ విలువ 21 షిల్లింగులుగ నిర్ణయింపబడెను. ఆ తగ్గింపు చాలలేదు. వెండి పోవుచునే యుండెను. ఎవరును సంకల్పింపకయే ఇంగ్లండు బంగారు ప్రమాణమునకు మరలెను. నాడు ఏర్పడిన బంగారపు ధర, నెపోలియను యుద్ధములనాటి ఆటంకము తప్ప, 1914 వరకును చెక్కుచెదరలేదు.

న్యూటను 1727 మార్చి 20వ తేదీన, మాస్టరు పదవిలో నుండగనే, పరమపదించెను. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో రాజలాంఛనములకు తీసిపోని మర్యాదలతో ఆయనను సమాధి చేసిరి. మేనకోడలి భర్త జాన్ కాండ్యుయిట్ ఆ పదవికి వచ్చెను.

నాటి నాణెముల స్థాయిని నిర్ణయించువారు నేడు రాజు చెవిపైనున్న కేశములును, పూదండయు ఎంత అరిగినవో చూచి ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్ అను తరగతులుగ విభజింతురు. 20వ శతాబ్ది మధ్యమున అమెరికాలో షెల్డను ఏర్పరచిన 70 అంకెల కొలమానమును కొందరు వాడుదురు. మెరుగుపెట్టి తోమిన నాణెమునకు విలువ తగ్గును. కొన్నిటిపై సన్నని ఆకురాతి గీతలుండును. అవి పిదప కలిగిన గాయములు కావు. బిళ్ల బరువెక్కువైనప్పుడు ముద్రణకు ముందే పనివాడు రాచి సరిచేసిన గుర్తులు. అనుభవముగల సేకర్త వాటిని చూచి నాణెమును త్రోసివేయడు. అంచును వ్రేళ్లతో తడవి, అక్షరములు చెదరక యున్నవా యని చూచి, తక్కెడలో పెట్టి తూచును. న్యూటను తన పనివారినుండి దినదినమును కోరినదియు ఆ నిండు తూకమునే.