పసివారి ఖిద్మత్‌లో ఒక జీవితం: దుర్గాబాయి దేశ్‌ముఖ్



మన నెల్లూరు తీరంలో చాలా ఊళ్లలో మగ్రిబ్ నమాజు ముగిశాక మస్జిద్ గుమ్మం దగ్గర ఒక దృశ్యం కనబడుతుంది. తల్లులు చంటిబిడ్డల్ని భుజాన వేసుకొని నిలబడి ఉంటారు. వారిలో మన ఇళ్ల ఆడవారుంటారు, సముద్రపు ఒడ్డు పాలేల నుంచి వచ్చిన హిందూ తల్లులూ ఉంటారు. బిడ్డ పాలు తాగడం లేదనీ, రాత్రంతా ఏడుస్తోందనీ, ఎంత పెట్టినా ఒళ్లు చేయడం లేదనీ చెప్పి దుఆ చదివి ఊదమంటారు.

నేను దుఆ చదువుతాను. చదివాక ఒక మాట అడుగుతాను: అంగన్‌వాడీలో బిడ్డ బరువు తూయించారా, టీకాలు వేయించారా అని. పాలెం తల్లులు చాలామంది వెంటనే జవాబిస్తారు. మన ఇళ్ల నుంచి వచ్చినవారిలో కొందరు తల దించుకుంటారు. అది మరీ పేదవాళ్లు వెళ్లే చోటు కదా, పిండి కోసం అక్కడ నిలబడితే నలుగురూ ఏమనుకుంటారు అనే సంకోచం వారిది. దుఆతో పాటు దవా కూడా ఉండాలని మన పెద్దలు చెబుతూనే ఉన్నారు. అయినా బిడ్డ విషయానికి వచ్చేసరికి పరువు అడ్డం వస్తోంది.

వీధి చివర ఉన్న ఆ చిన్న గది ఊరికే రాలేదు. బడి ఈడు రాని పిల్లల గురించి కూడా ప్రభుత్వం, సమాజం పట్టించుకోవాలని పట్టుబట్టి పనిచేసినవారు కొందరున్నారు. వారిలో ముందు వరుసలో నిలిచిన తెలుగు మహిళ దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆమె మన ధర్మానికి చెందినవారు కారు. కానీ మేలు చేసినవారిని గుర్తుంచుకోవడం మన మర్యాద. పసిబిడ్డ అల్లాహ్ మన చేతిలో పెట్టిన అమానత్ అని నమ్మే మనకు ఆమె జీవితంలో తెలుసుకోదగినవి చాలా ఉన్నాయి.

ఎనిమిదేళ్లకే పెళ్లి

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. తండ్రి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. కుటుంబం కాకినాడలో ఉండేది. ఆ రోజుల్లో బొమ్మలతో ఆడుకునే ఈడులోనే ఆడపిల్లలకు పెళ్లి చేసేసేవారు. బాల్యవివాహాలను అరికట్టే శారదా చట్టం 1929లో గానీ రాలేదు. దుర్గాబాయికి ఎనిమిదో ఏటనే ఒక సంపన్న కుటుంబంలోని అబ్బాయితో వివాహం జరిపించారు. పెళ్లి అంటే ఏమిటో తెలియని వయసు అది.

ఊహ తెలిశాక ఆమె ఆ బంధంలో ఇమడలేనని భర్తకు నేరుగా చెప్పి, మరొకరిని వివాహం చేసుకోమని కోరారు. ఆయన అలాగే చేశారు. తనకు జరిగిన దానికి ఆమె ఎవరి మీదా పగ పెంచుకోలేదు. ఆయన మరణించిన తర్వాత, దిక్కులేనిదైన ఆయన రెండో భార్యను దుర్గాబాయే చేరదీసి, చదువూ పనీ నేర్పించి నిలబెట్టారు. సవతి అనే మాట వింటేనే ముఖం చిట్లించే లోకంలో ఇది చిన్న విషయం కాదు.

తన బాల్యం ఎలా చేజారిందో ఆమె మరచిపోలేదు. తర్వాత చేసిన పనులన్నిటి వెనుక ఆ ఎనిమిదేళ్ల పాప కనబడుతూనే ఉంటుంది.

పరదా స్త్రీల కోసం పట్టుదల

1921 ఏప్రిల్‌లో గాంధీజీ కాకినాడకు వచ్చారు. అప్పటికి దుర్గాబాయికి పన్నెండేళ్లు కూడా నిండలేదు. ఊళ్లోని దేవదాసీలు, బుర్ఖా ధరించే ముస్లిం స్త్రీలు ఆయన మాట వినాలని ఆ బాలిక కోరుకుంది. ఈ రెండు వర్గాల స్త్రీలనూ సభలకు పిలిచేవారు అప్పట్లో లేరు. అయిదు వేల రూపాయల నిధి సమకూరిస్తే కొద్ది నిమిషాలు ఇప్పిస్తామని పెద్దలు అన్నారు. అది జరిగే పని కాదని వారు అనుకొని ఉండవచ్చు. బాలిక మాత్రం వెనక్కి తగ్గలేదు. ఆ స్త్రీలే తలా కొంత వేసి సొమ్ము సమకూర్చారు. సభ జరిగింది. కొద్ది నిమిషాలు అనుకున్నది ఎంతోసేపు సాగింది. ఆనాడు ఆ ప్రసంగాన్ని తెలుగులోకి మార్చి చెప్పింది కూడా ఆ బాలికే.

ఆ తర్వాత ఆమె కాకినాడలో బాలికల కోసం హిందీ పాఠశాల నడిపారు. తాను నేర్చుకున్నది వెంటనే మరొకరికి నేర్పడం ఆమె అలవాటు. ఆ బడిలో ఆమె తల్లి కూడా విద్యార్థినే.

1923 డిసెంబరులో కాకినాడలోనే కాంగ్రెస్ మహాసభ జరిగింది. దానికి అధ్యక్షత వహించినవారు మౌలానా ముహమ్మద్ అలీ. ఆ సందర్భంగా ఏర్పాటైన ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర దుర్గాబాయి వాలంటీరుగా నిలబడ్డారు. టికెట్టు లేనివారిని పంపవద్దని చెప్పారు కాబట్టి జవహర్‌లాల్ నెహ్రూను కూడా ఆపేశారు. టికెట్టు కొన్నాకే ఆయన లోపలికి వెళ్లారు. అప్పగించిన పనిని ముఖం చూడకుండా నెరవేర్చడం ఆమెకు ఆ వయసులోనే అబ్బింది.

జైలు, చదువు, ఆంధ్ర మహిళా సభ

1930 నుంచి సత్యాగ్రహాల్లో పాల్గొని ఆమె పలుమార్లు జైలుకెళ్లారు. మదురై జైలులో ఒంటరి గదిలో ఉంచారు. విడుదలయ్యేనాటికి ఆరోగ్యం దెబ్బతింది. అయినా ఆగిపోయిన చదువును మళ్లీ మొదలుపెట్టారు. ప్రైవేటుగా మెట్రిక్ పూర్తిచేసి, వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో బి.ఏ. చదివారు. అక్కడ స్త్రీలకు హాస్టల్ లేకపోతే, చదవాలనుకునే ఇతర యువతులను కూడగట్టి వసతి ఏర్పాటు చేసుకున్నారు. ఆ తర్వాత మద్రాసులో న్యాయశాస్త్రం చదివి వకీలయ్యారు.

ఆమె పేరు చెప్పగానే గుర్తొచ్చే సంస్థ ఆంధ్ర మహిళా సభ. 1937లో మద్రాసులో ఇది రూపుదిద్దుకుంది. దీనికి మొదలు ఒక చిన్న పిల్లల సంఘం. మైలాపూరు ప్రాంతంలోని తెలుగు పిల్లలను కూడగట్టి ఆటపాటలు, హిందీ నేర్పేవారు. పిల్లల వెంట తల్లులు వచ్చారు. తల్లుల్లో భర్త పోయినవారు, భర్త వదిలేసినవారు, చదువు మధ్యలో ఆగినవారు ఉన్నారు. వారి కోసం పరీక్షల తరగతులు, చేతిపనుల శిక్షణ, ఆ తర్వాత ఆసుపత్రి, నర్సుల శిక్షణ వచ్చాయి. పోలియో వల్ల కాళ్లు చచ్చుపడిన పిల్లల చికిత్స కోసం కూడా సభ ఒక కేంద్రాన్ని నడిపింది. నెల్లూరు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. పెద్ద జబ్బు వస్తే మనవాళ్లు రైలెక్కేది ఆ ఊరికే.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. బిడ్డను ఒక్కదాన్నే విడదీసి బాగుచేయలేమని దుర్గాబాయి తన అనుభవంలో తెలుసుకున్నారు. తల్లికి తిండి, చదువు, ఆరోగ్యం, నాలుగు రూపాయల సంపాదన ఉంటే బిడ్డ దానంతటదే కోలుకుంటుంది. తల్లిని మరచి బిడ్డకు చేసే ఉపకారం ఎక్కువ కాలం నిలవదు.

ఊరూరా బాల్వాడీ

1946లో ఆమె రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగంలో పద్నాలుగేళ్ల వరకు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించే ప్రయత్నం చేయాలని ఆదేశిక సూత్రాల్లో రాశారు. పిల్లల లేత వయసును దోపిడీ చేయరాదనీ రాశారు. రాసిన మాట ఊరిదాకా చేరాలంటే వేరే ఏర్పాటు కావాలి. స్వాతంత్ర్యం వచ్చాక జరిగిన మొదటి సాధారణ ఎన్నికల్లో దుర్గాబాయి ఓడిపోయారు. ఆ ఓటమి ఆమెను ఇంట్లో కూర్చోబెట్టలేదు. ప్రణాళికా సంఘం సభ్యురాలై ఆ ఏర్పాటు కోసమే పనిచేశారు.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దానికి మొదటి అధ్యక్షురాలు ఆమే. అదే సంవత్సరం జనవరిలో ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌తో ఆమె వివాహం జరిగింది. స్త్రీల కోసం, పిల్లల కోసం, వికలాంగుల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థలకు సాయం చేయడానికి మొదటి పంచవర్ష ప్రణాళికలో 4 కోట్ల రూపాయలు కేటాయించారు. ఆ సొమ్ము యతీమ్‌ఖానాలకు, శిశు కేంద్రాలకు, స్త్రీల ఆశ్రయాలకు చేరే దారిని బోర్డు వేసింది.

1954 నుంచి బోర్డు గ్రామాల వైపు తిరిగింది. సుమారు 25 గ్రామాలను ఒక ప్రాజెక్టుగా తీసుకొని, వాటి మధ్య కొన్ని కేంద్రాలు తెరిచారు. ప్రతి కేంద్రంలో గ్రామసేవిక ఉండేది. పసిపిల్లలకు బాల్వాడీ, గర్భిణులకు కాన్పు సాయం, స్త్రీలకు అక్షరాలు, కుట్టుపని వంటివి ఒకే చోట ఏర్పాటు చేశారు. మద్రాసులో ఆంధ్ర మహిళా సభ నేర్పిన పాఠమే ఇప్పుడు దేశమంతా అమలైంది. 1958లో స్త్రీ విద్యపై ఏర్పడిన జాతీయ కమిటీకి కూడా ఆమె అధ్యక్షత వహించారు. చదువు మధ్యలో మానేసిన స్త్రీలకు తక్కువ కాలంలో పరీక్ష పాసయ్యే తరగతులు బోర్డు నడిపించింది. అలా చదువుకున్నవారికి గ్రామసేవికలుగా, టీచర్లుగా, నర్సులుగా వెళ్లే దారి ఏర్పడింది.

మనకు ఇది కొత్త ఆలోచన కాదు. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో పాలు మానిన పిల్లలకే బైతుల్‌మాల్ నుంచి భత్యం ఇచ్చేవారు. ఒక రాత్రి ఆయన గస్తీ తిరుగుతుండగా పసిబిడ్డ ఏడుపు ఆగకుండా వినిపించింది. భత్యం కోసం తల్లి ఆ బిడ్డకు ముందుగానే పాలు మాన్పిస్తోందని తెలిసి ఆయన తల్లడిల్లారు. ఇకపై పుట్టిన బిడ్డకు పుట్టినప్పటి నుంచే భత్యం అని చాటించారు. ప్రభుత్వం చేసే నియమం మంచిదే అయినా అది తొట్టెలోని బిడ్డకు ఏం చేస్తోందో చూడాలన్నది ఆ సంఘటన నేర్పే పాఠం.

ఆమె తర్వాత

1975లో ప్రభుత్వం దుర్గాబాయికి పద్మవిభూషణ్ ఇచ్చింది. అదే సంవత్సరం అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలైంది. మన అంగన్‌వాడీ ఆ పథకంలోనిదే. ఆ పథకాన్ని ఆమె స్థాపించలేదు. కానీ ఊళ్లో తల్లికీ బిడ్డకూ ఒకే గుమ్మంలో సేవలు అందాలన్న ఆలోచనకు బాల్వాడీలు ముందే బాట వేశాయి. 1981 మే 9న ఆమె కన్నుమూశారు.

ఆమె పోయిన ఇరవై ఒక్క సంవత్సరాలకు, 2002లో జరిగిన 86వ రాజ్యాంగ సవరణ 45వ అధికరణాన్ని మార్చింది. ఆరేళ్లు నిండేవరకు పిల్లలందరికీ సంరక్షణ, విద్య అందించడానికి ప్రభుత్వం ప్రయత్నించాలని అందులో చేర్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్లవారికి చదువు ప్రాథమిక హక్కు అయింది. ఆరేళ్లలోపు బిడ్డకు మాత్రం అది ప్రయత్నంగానే మిగిలింది. కోర్టుకెళ్లి అడగగలిగే హక్కు కాలేదు. కాబట్టి ఆ వయసు బిడ్డ తరఫున మాట్లాడవలసినవారు ముందుగా తల్లిదండ్రులూ, ఇరుగుపొరుగూ, జమాఅత్ పెద్దలే.

మనం చేయవలసింది

అంగన్‌వాడీలో ఆరు సేవలు ఉంటాయి: అదనపు పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్ష, అవసరమైతే ఆసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య విషయాలు చెప్పడం, మూడేళ్లు దాటిన పిల్లలకు ఆటపాటలతో బడికి ముందరి చదువు. ఇవి బిచ్చం కావు. మనందరి సొమ్ముతో మన పిల్లలకు ఏర్పాటు చేసినవి. అక్కడ గుడ్డు సరిగా ఇవ్వకపోతే, తలుపు తెరవకపోతే అడిగే హక్కు కూడా మనకుంది. అసలు వెళ్లనివారు ఏం అడగగలరు?

బాల్వాడీకి గానీ అంగన్‌వాడీ తరగతికి గానీ నడిచి రాగలిగిన పిల్లలే వస్తారు. అంతకంటే చిన్న బిడ్డకు ఇల్లే కేంద్రం. కాన్పు కాగానే ముర్రుపాలు పట్టడం, ఆరు నెలల వరకు తల్లిపాలు మాత్రమే ఇవ్వడం, ఆ తర్వాత మెత్తటి అన్నం, పప్పు, గుడ్డు అలవాటు చేస్తూ రెండేళ్ల వరకు పాలు కొనసాగించడం, బిడ్డతో మాట్లాడుతూ ఉండడం ఇంటివారి పని. ఈ పని తల్లి ఒక్కదాని మీద వేసి తండ్రి తప్పుకోకూడదు. బాలింతకు కడుపునిండా తిండి, కంటినిండా నిద్ర దొరికేలా చూడవలసింది భర్తా, అత్తగారూ.

ఎనిమిదేళ్ల వయసులో తన బాల్యం పోగొట్టుకున్న ఒక బాలిక, జీవితమంతా ఇతరుల పిల్లలకు బాల్యం దొరకాలని కష్టపడింది. మన చేతిలో ఉన్న బిడ్డకు ఆ బాల్యం ఇవ్వడానికి మనం వీధి చివరిదాకా నడవలేమా? రేపు మగ్రిబ్ తర్వాత బిడ్డను దుఆ కోసం తీసుకురండి. వచ్చేముందు ఉదయం అంగన్‌వాడీలో బరువు తూయించండి.

మనకు అప్పగించిన అమానత్‌లను కాపాడుకునే బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.